మజిల్ కారు సస్పెన్షన్: సూరత్ రోడ్ల నుంచి రేస్ ట్రాక్ వరకు ఏది మార్చాలి, ఏది మార్చకూడదు

వజ్రాల వ్యాపారానికి, వస్త్ర పరిశ్రమకు పేరొందిన సూరత్ నగరం తెలుగువారికి కొత్తది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. సంపద పెరిగిన ఇలాంటి నగరాల్లో ఖరీదైన, శక్తిమంతమైన కార్ల పట్ల ఆసక్తి కూడా పెరుగుతోంది. అమెరికాలో పుట్టిన మజిల్ కార్లు ఆ కోవలోనివే.

ఇటువంటి కారు కొన్నవారిలో కొందరు దానిని రేస్ ట్రాక్ మీద నడిపి చూడాలనుకుంటారు. ఆ కోరిక కలగగానే చాలామంది చేసే మొదటి పని, కారును కిందికి దించి స్ప్రింగ్‌లను గట్టిపరచడం. చూడటానికి కారు రేసు కారులా మారుతుంది. అయితే గట్టిదనం పెరిగినంత మాత్రాన ట్రాక్ మీద వేగం పెరగదు. సరైన లెక్క లేకుండా చేసిన మార్పు కారును నెమ్మదింపజేయవచ్చు, ప్రమాదంలోకీ నెట్టవచ్చు. సస్పెన్షన్ ఎలా పనిచేస్తుంది, మార్పులు ఏ క్రమంలో చేయాలి, సూరత్ వంటి నగరంలో ఉండేవారు ఏ పరిమితులను గుర్తుంచుకోవాలి, చట్టం ఏం చెబుతోంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

మజిల్ కారు అంటే ఏమిటి?

మధ్యస్థ పరిమాణం గల సాధారణ కారులో పెద్ద వీ8 ఇంజిన్‌ను అమర్చి, అందుబాటు ధరకు అమ్మాలన్న ఆలోచన నుంచి 1960 దశకంలో అమెరికాలో మజిల్ కార్లు పుట్టాయి. 1964లో వచ్చిన పోంటియాక్ జీటీవోను ఈ వర్గానికి ఆద్యురాలిగా చాలామంది పరిగణిస్తారు. అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ సంస్థ ముస్టాంగ్‌ను విడుదల చేసింది. ఆ తర్వాత షెవర్లే కమారో, డాడ్జ్ ఛాలెంజర్ వంటివి ఈ వరుసలో చేరాయి.

ఈ కార్లు తిన్నని రోడ్డు మీద దూసుకుపోవడానికి తయారైనవి. ముందు భాగంలో బరువైన ఇంజిన్ ఉంటుంది. వెనుక చక్రాలకు శక్తి అందుతుంది. ఆనాటి మోడళ్లలో వెనుక రెండు చక్రాలను ఒకే దృఢమైన యాక్సిల్ కలిపి ఉంచేది. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రం కూడా ఒరిగేది. మలుపుల్లో ఇది పెద్ద లోపం. ముస్టాంగ్ ప్రధాన మోడళ్లన్నింటికీ వెనుక చక్రాలు విడివిడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్ రావడానికి 2015 మోడల్ వరకు ఆగవలసి వచ్చింది.

కుడివైపు స్టీరింగ్‌తో కర్మాగారం నుంచే తయారై వచ్చిన తొలి తరం కూడా అదే. ఆ కారు 2016లో భారత మార్కెట్‌లోకి 5 లీటర్ల వీ8 ఇంజిన్‌తో వచ్చింది. ఢిల్లీ షోరూంలో అప్పటి ప్రారంభ ధర 65 లక్షల రూపాయలు. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ భారత్‌లో కార్ల తయారీని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. అందువల్ల ఇక్కడి ముస్టాంగ్ యజమానులకు ట్రాక్ కోసం కావలసిన ప్రత్యేక విడిభాగాలు ఎక్కువగా దిగుమతి ద్వారానే దొరుకుతాయి. తొందరపడి తప్పు భాగం కొంటే డబ్బుతో పాటు కాలమూ వృథా అవుతుంది.

1965 నాటి పాఠం

మజిల్ కారును ట్రాక్‌కు అనువుగా మార్చిన ప్రసిద్ధ ఉదాహరణ 1965 నాటి షెల్బీ జీటీ350. ముస్టాంగ్‌ను అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ పోటీలలో నిలబెట్టే బాధ్యతను ఫోర్డ్ సంస్థ మాజీ రేసర్ కరోల్ షెల్బీకి అప్పగించింది. ఆయన బృందం ఇంజిన్ శక్తిని పెంచడంతో ఊరుకోలేదు. ముందు సస్పెన్షన్‌లో పై ఆర్మ్ బిగించే చోటును సుమారు ఒక అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు కిందికి దించింది. లావుపాటి యాంటీ రోల్ బార్‌ను, మెరుగైన షాక్ అబ్జార్బర్లను అమర్చింది. వెనుక యాక్సిల్ మెలి తిరగకుండా అదనపు కడ్డీలు బిగించింది.

వీటిలో ఆర్మ్‌ను కిందికి దించడం ఖర్చు తక్కువైన పని, ఫలితం మాత్రం పెద్దది. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి వైపు చక్రం కూడా బయటికి వాలి, టైరు తన అంచు మీద నిలబడుతుంది. ఆర్మ్ కోణం మారడంతో, ఒరిగే కొద్దీ చక్రం పైభాగం లోపలికి వాలసాగింది. టైరు నేల మీద మరింత సమంగా ఆనింది. ఆ కార్లు 1965, 1966, 1967లలో వరుసగా స్పోర్ట్స్ కార్ క్లబ్ బీ ప్రొడక్షన్ విభాగంలో జాతీయ టైటిల్‌ను గెలుచుకున్నాయి. సస్పెన్షన్ మార్పుల విలువను టైరు నేలను ఎంత బాగా పట్టుకుంటోందన్న దానితోనే కొలవాలని ఆ అనుభవం చెబుతుంది.

సస్పెన్షన్ చేసే పని

కారు మొత్తం నేలను తాకేది నాలుగు టైర్ల అడుగున ఉండే నాలుగు చిన్న ముక్కలతోనే. ఒక్కొక్కటి సుమారు అరచేతి పరిమాణంలో ఉంటుంది. వేగం పెంచినా, బ్రేకు వేసినా, మలుపు తిరిగినా ఆ నాలుగు చోట్ల పుట్టే రాపిడే ఆధారం. వాటిని వీలైనంత సమంగా, ఎడతెగకుండా నేలకు ఆనించి ఉంచడమే సస్పెన్షన్ పని.

మలుపులో లోపలి చక్రాల మీది భారం బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందో లెక్క కట్టవచ్చు. ఉదాహరణకు కారు బరువు 1,750 కిలోలు, గురుత్వ కేంద్రం నేల నుంచి 52 సెంటీమీటర్ల ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 160 సెంటీమీటర్లు అనుకుందాం. భూమ్యాకర్షణకు సమానమైన పక్క బలంతో మలుపు తిరిగితే సుమారు 569 కిలోల భారం ఒక వైపు నుంచి మరో వైపుకు మారుతుంది. కారును 25 మిల్లీమీటర్లు దించితే ఈ సంఖ్య 541 కిలోలకు తగ్గుతుంది. అంటే తగ్గుదల దాదాపు 5 శాతమే.

ఈ లెక్కలో స్ప్రింగ్ గట్టిదనానికి చోటు లేదన్నది గమనించాలి. స్ప్రింగ్‌లను ఎంత గట్టిపరచినా మారే మొత్తం భారం తగ్గదు. కారు ఒరిగే కోణం తగ్గుతుంది. మారే భారంలో ముందు చక్రాలు ఎంత, వెనుక చక్రాలు ఎంత మోయాలన్న పంపకం మారుతుంది. టైరు మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుచేత ఏ వైపు యాక్సిల్ ఎక్కువ భారపు మార్పును మోస్తుందో ఆ వైపు పట్టు ముందుగా సడలుతుంది. ముందు పట్టు సడలితే స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగా బయటికి జారుతుంది. దీనిని అండర్‌స్టీర్ అంటారు. వెనుక పట్టు సడలితే కారు వెనుక భాగం తిరిగిపోతుంది. అది ఓవర్‌స్టీర్. సస్పెన్షన్ సర్దుబాటులో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్య సమతూకం వెతకడమే.

మొదట టైర్లు, బ్రేకులు

సస్పెన్షన్ భాగాలు కొనేముందు టైర్లను, బ్రేకులను ట్రాక్‌కు సిద్ధం చేయాలి. పాత టైర్ల మీద కొత్త సస్పెన్షన్ బిగించడం వల్ల ప్రయోజనం ఉండదు. టైరు తయారైన వారం, సంవత్సరం దాని పక్క గోడ మీద నాలుగు అంకెలుగా ముద్రించి ఉంటాయి. గాడులు లోతుగా ఉన్నా, రబ్బరు ఏళ్ల తరబడి ఎండి గట్టిపడి ఉంటే అది ట్రాక్‌కు పనికిరాదు.

గాలి ఒత్తిడి విషయం ముఖ్యమైనది. ట్రాక్ మీద టైరు వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 32 పీఎస్‌ఐ ఉన్న టైరులో, లోపలి గాలి 80 డిగ్రీలకు చేరితే ఒత్తిడి దాదాపు 40 పీఎస్‌ఐ అవుతుంది. అందువల్ల ఒత్తిడిని ట్రాక్ నుంచి బయటికి వచ్చిన వెంటనే, టైరు వేడిగా ఉన్నప్పుడు కొలవాలి. ఇంటికి బయల్దేరేముందు టైర్లు చల్లారాక మళ్లీ రోడ్డుకు తగిన ఒత్తిడి నింపాలి.

బ్రేకుల మీద పడే భారాన్ని కూడా లెక్కించి చూడవచ్చు. 1,750 కిలోల కారు గంటకు 180 కిలోమీటర్ల వేగం నుంచి 72 కిలోమీటర్లకు తగ్గాలంటే బ్రేకులు సుమారు 18 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చుకోవాలి. ఆరు లీటర్ల నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే స్థాయికి తేవడానికి అంత వేడి సరిపోతుంది. ఇది ఒక మలుపుకు ముందు, కొన్ని సెకన్లలో జరిగే పని. ప్రతి ల్యాప్‌లోనూ అనేకసార్లు జరుగుతుంది.

ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగితే పైపులలో ఆవిరి బుడగలు ఏర్పడి, పెడల్ నేలకు తాకినా కారు ఆగదు. డాట్ 4 రకం ఆయిల్‌కు కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు. తేమ పీల్చుకున్న తర్వాతి కనీస ప్రమాణం 155 డిగ్రీలే. అరేబియా సముద్రానికి దగ్గరగా, తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌లో గాలిలో తేమ ఎక్కువ. అక్కడి కారులో ఆయిల్‌ను ట్రాక్‌కు వెళ్లేముందు తప్పక మార్చాలి. ప్యాడ్లు కూడా అధిక వేడిని తట్టుకునే రకానివి కావాలి. సస్పెన్షన్ బడ్జెట్‌లో కోత పడినా సరే, ఈ ఖర్చును వాయిదా వేయకూడదు.

బుష్‌లు, లింకులు

తర్వాతి మెట్టు సస్పెన్షన్ కీళ్లు. ఆర్మ్‌లను, లింకులను కారు శరీరానికి కలిపే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. ప్రయాణంలో కుదుపు, శబ్దం తెలియకుండా అవి మెత్తగా వంగుతాయి. ట్రాక్ మీద అదే మెత్తదనం వల్ల చక్రం కోణం క్షణక్షణం మారుతుంది. పాతబడి పగిలిన బుష్‌లు, ఆడుతున్న బాల్ జాయింట్లు ఉంటే ముందుగా వాటిని మార్చాలి. వాటిని అలాగే వదిలేసి చేసిన వీల్ అలైన్‌మెంట్ నిలవదు.

2015 తర్వాతి ముస్టాంగ్‌లో వెనుక సస్పెన్షన్ మొత్తాన్ని మోసే చట్రం కూడా రబ్బరు బుష్‌ల మీదే ఆనుతుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ చట్రం కదిలి, వెనుక చక్రాలు గెంతడం కనిపిస్తుంది. ఆ ఖాళీలను నింపే ప్రత్యేక భాగాలు దొరుకుతాయి. పాలీయురేథేన్ బుష్‌లు రబ్బరు కన్నా గట్టివి. పూర్తిగా లోహంతో చేసిన గోళాకార కీళ్లు మరింత ఖచ్చితమైనవి. కానీ వాటి శబ్దం కారు లోపలికి వినిపిస్తుంది, దుమ్ముకు, వానకు త్వరగా అరుగుతాయి. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు అవి తగవు.

షాక్ అబ్జార్బర్లు

స్ప్రింగ్ కుదుపును మింగి దాచుకుంటుంది, తిరిగి విడుదల చేస్తుంది. ఆ ఊపును అదుపు చేసేది షాక్ అబ్జార్బర్. దాని లోపలి పిస్టన్ సన్నని దారుల గుండా ఆయిల్‌ను తోసి, కదలికను వేడిగా మారుస్తుంది. ఒకే ఒక భాగాన్ని మార్చే స్తోమత ఉన్న యజమాని, సాధారణంగా స్ప్రింగ్‌ల కన్నా ముందు మంచి షాక్ అబ్జార్బర్లను ఎంచుకోవడం మేలు.

ఇక్కడ వేగం అంటే కారు వేగం కాదు, షాక్ అబ్జార్బర్ కడ్డీ కదిలే వేగం. స్టీరింగ్ తిప్పినప్పుడు, బ్రేకు వేసినప్పుడు కారు శరీరం ఒరగడం నెమ్మదైన కదలిక. గుంత, రోడ్డు అతుకు, ట్రాక్ అంచున ఉండే ఎత్తుపల్లాల గట్టు తగలడం వేగవంతమైన కదలిక. మంచి షాక్ అబ్జార్బర్ మొదటి దానిని గట్టిగా పట్టి ఉంచుతుంది, రెండో దానికి దారి ఇస్తుంది. చవక రకాలు రెండింటినీ ఒకేలా బిగబట్టి, చిన్న గుంతకే టైరును గాలిలోకి లేపుతాయి. గాలిలో ఉన్న టైరుకు పట్టు సున్నా.

ట్రాక్ మీద ఎక్కువసేపు నడిపితే ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, నురుగు కూడా రావచ్చు. ఆయిల్‌ను, అధిక ఒత్తిడి గల నైట్రోజన్ వాయువును విడదీసే తేలియాడే పిస్టన్ ఉన్న మోనోట్యూబ్ రకాలు దీనిని బాగా తట్టుకుంటాయి. సర్దుబాటు చేయగల రకాలు కొంటే, చక్రం కిందికి తిరిగి వచ్చే కదలికను అతిగా బిగించకూడదు. అలా బిగిస్తే వరుస గుంతల మీద స్ప్రింగ్ పూర్తిగా విప్పుకోవడానికి సమయం దొరకదు. కారు మెట్టు మెట్టుగా కిందికి కుంగిపోతుంది.

స్ప్రింగ్‌లు

స్ప్రింగ్ గట్టిదనాన్ని కారు బరువుతో కలిపి చూడాలి. కారు శరీరం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది ఇందుకు ఉపయోగపడే కొలమానం. సాధారణ కార్లలో అది 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గాలి ఒత్తిడిని వాడుకునే రెక్కలు లేని ట్రాక్ కార్లు సాధారణంగా 2 హెర్ట్జ్ పరిసరాల్లో ఉంటాయి. రోడ్డు, ట్రాక్ రెండింటికీ వాడే కారుకు ఈ రెండింటి నడుమ ఉండటం మంచిది.

ఒక ముందు చక్రం మీద 420 కిలోల బరువు ఆనుతోందని, ఆ చక్రం 1 మిల్లీమీటరు పైకి కదలడానికి సుమారు 2.5 కిలోల బలం కావాలని అనుకుందాం. ఊగే వేగం 1.2 హెర్ట్జ్ వస్తుంది. స్ప్రింగ్‌ను రెట్టింపు గట్టిదిగా మార్చినా అది 1.7 హెర్ట్జ్‌కే పెరుగుతుంది. గట్టిదనం 100 శాతం పెరిగితే ఊగే వేగం 41 శాతమే పెరుగుతుందన్నమాట. స్ప్రింగ్ పెట్టె మీద రాసి ఉండే అంకెకు, చక్రం వద్ద నిజంగా అందే గట్టిదనానికి కూడా తేడా ఉంటుంది. స్ప్రింగ్ చక్రం దగ్గర కాకుండా ఆర్మ్ మధ్యలో ఉంటే, చక్రం 10 మిల్లీమీటర్లు కదిలినప్పుడు స్ప్రింగ్ 7 మిల్లీమీటర్లే కదలవచ్చు. అప్పుడు స్ప్రింగ్ గట్టిదనంలో 49 శాతమే చక్రానికి అందుతుంది. కాబట్టి ముందు, వెనుక స్ప్రింగ్‌ల అంకెలను నేరుగా పోల్చకూడదు.

కారును దించే విషయంలో జాగ్రత్త అవసరం. ముస్టాంగ్ ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం. దీనిని ఎక్కువగా దించితే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి ఎక్కే కోణంలోకి మారుతుంది. కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గురుత్వ కేంద్రం కన్నా వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, కారు మునుపటి కన్నా ఎక్కువ ఒరగడానికి మొగ్గు చూపుతుంది. చక్రానికి మిగిలిన కదలిక కూడా తగ్గి, షాక్ అబ్జార్బర్ అడుగు తాకుతుంది. పొడవైన బాల్ జాయింట్లతో కోణాన్ని సరిచేయవచ్చు గానీ, 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోపు ఆగిపోవడం సులభమైన దారి.

యాంటీ రోల్ బార్

ఎడమ కుడి చక్రాలను కలిపే ఈ ఉక్కు కడ్డీ కారు ఒరిగినప్పుడు మెలి తిరిగి, ఒరుగుదలను అడ్డుకుంటుంది. దాని గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో అదే ఆకారంలో 25 మిల్లీమీటర్ల గట్టి కడ్డీని పెడితే పెరిగింది 3 మిల్లీమీటర్లే అయినా, గట్టిదనం 67 శాతం పెరుగుతుంది.

ముందు కడ్డీని గట్టిపరిస్తే ముందు చక్రాలు ఎక్కువ భారపు మార్పును మోసి, అండర్‌స్టీర్ పెరుగుతుంది. వెనుక కడ్డీని గట్టిపరిస్తే కారు మలుపులోకి చురుకుగా తిరుగుతుంది. అతి చేస్తే వెనుక భాగం అకస్మాత్తుగా తిరిగిపోతుంది. శక్తిమంతమైన ఇంజిన్ వెనుక చక్రాలను తిప్పే కారులో, తడి రోడ్డు మీద ఇది ప్రమాదకరం. రంధ్రాలు మార్చి బిగించుకునే సర్దుబాటు కడ్డీ ఉంటే, ట్రాక్ వద్ద ఒక అమరిక, ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మరో అమరిక పెట్టుకోవచ్చు.

వీల్ అలైన్‌మెంట్

ఖర్చుతో పోల్చితే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ముందు నుంచి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటే దానిని నెగెటివ్ క్యాంబర్ అంటారు. మెక్‌ఫర్సన్ సస్పెన్షన్‌లో మలుపుల్లో క్యాంబర్ తగినంత నిలవదు. అందువల్ల ట్రాక్ కోసం ముందు చక్రాలకు మైనస్ 2 నుంచి మైనస్ 2.5 డిగ్రీల దాకా ముందుగానే ఇవ్వడం సాధారణం. ఇందుకు స్ట్రట్ పై భాగాన జరుపుకోగల క్యాంబర్ ప్లేట్లు కావాలి. అదే అమరికతో నిత్యం తిన్నని హైవే మీద తిరిగితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది.

చక్రాలు పై నుంచి చూసినప్పుడు లోపలికో, బయటికో తిరిగి ఉండే కోణం టో. వెనుక చక్రాలు బయటికి తిరిగి ఉంటే అధిక వేగంలో బ్రేకు వేసినప్పుడు కారు నిలకడ కోల్పోతుంది. కాబట్టి వెనుక కాస్త లోపలికి ఉంచాలి. అలైన్‌మెంట్ చేసేటప్పుడు డ్రైవరు బరువుకు సమానమైన బరువును సీటులో ఉంచి, సగం ట్యాంకు పెట్రోలుతో కొలిస్తే ఫలితం నిజానికి దగ్గరగా ఉంటుంది. ఎత్తు మార్చిన ప్రతిసారీ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.

సూరత్ యజమాని పరిమితులు

భారత్‌లో పెద్ద కార్లకు తగిన శాశ్వత రేస్ ట్రాక్‌లు కొద్దిగానే ఉన్నాయి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ 5.125 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. 2011 నుంచి 2013 వరకు అక్కడ ఫార్ములా వన్ పోటీలు జరిగాయి. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు. కోయంబత్తూరులో చిన్నదైన కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగిన ఫార్ములా ఈ పోటీ హుస్సేన్ సాగర్ తీరాన రోడ్లను మూసి ఏర్పాటు చేసిన తాత్కాలిక ట్రాక్ మీద జరిగింది.

సూరత్ నుంచి గ్రేటర్ నోయిడాకైనా, చెన్నైకైనా రోడ్డు మార్గం వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. కారును నడుపుకుంటూ వెళ్లేవారికి 20 నిమిషాల ట్రాక్ పరుగు కోసం చేసిన మార్పులతోనే రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం తప్పదు. దారిలో గుంతలు, వంతెన అతుకులు, స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. ట్రక్కు మీద కారును పంపగలిగినవారికి మాత్రమే పూర్తి ట్రాక్ అమరిక గురించి ఆలోచించే వెసులుబాటు ఉంటుంది.

స్పీడ్ బ్రేకర్ విషయంలో చిన్న లెక్క ఉపయోగపడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ముస్టాంగ్ ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2.72 మీటర్లు. అటువంటి హంప్ నడిమిన కారు ఉన్నప్పుడు కారు అడుగుభాగం సుమారు 54 మిల్లీమీటర్ల ఖాళీని కోల్పోతుంది. అదే 10 సెంటీమీటర్ల ఎత్తును ఇరుకైన గట్టులా పోస్తే, చక్రాలు రెండు వైపులా సమతలం మీదికి దిగుతాయి కాబట్టి మొత్తం 100 మిల్లీమీటర్లు కోల్పోవాల్సి వస్తుంది. ప్రమాణాలు పాటించని స్పీడ్ బ్రేకర్లు కాలనీల్లో చాలా చోట్ల కనిపిస్తాయి. కారును దించేముందు రోజూ వెళ్లే దారిలోని అత్యంత ఎత్తైన గట్టును, కారు అడుగున అత్యంత దిగువ భాగాన్ని టేపుతో కొలుచుకోవాలి.

డుమస్, హజీరా వైపు సముద్రపు గాలి తగిలే ప్రాంతాల్లో ఉప్పు తేమ మరో సమస్య. ఎత్తు మార్చుకునే కాయిల్‌ఓవర్ మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతే, సర్దుబాటు కోసం పెట్టిన డబ్బు వృథా. తుప్పు పట్టని ఉక్కు లేదా మంచి పూత ఉన్న రకాలు ఎంచుకుని, వానాకాలం ముగియగానే విప్పి శుభ్రం చేయించాలి.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నంగా మారేలా వాహనాన్ని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కఠినంగా వ్యాఖ్యానించింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని విధంగా వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అరిగిన భాగం స్థానంలో అదే ప్రమాణం గల భాగాన్ని వేయడం వేరు, కారు ఎత్తును, చక్రాల కొలతలను మార్చడం వేరు. రెండో రకం పనికి ముందు ప్రాంతీయ రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం క్షేమం. తయారీ కాలపు భాగాలను పారేయకుండా దాచి ఉంచితే, కారును ఎప్పుడైనా మునుపటి స్థితికి తేవచ్చు.

ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ రోడ్ల మీద పందేలు వేయడం 189వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా పడవచ్చు, జైలు, జరిమానా రెండూ విధించే అవకాశమూ ఉంది. రాత్రి వేళ ఖాళీగా కనిపించే వెడల్పాటి రోడ్డు కొత్త సస్పెన్షన్‌ను పరీక్షించే చోటు కాదు. అక్కడ నడిచి వెళ్లేవారి ప్రాణాలు పణంగా మారతాయి.

బీమా పత్రాన్ని కూడా చదవాలి. భారత్‌లో ప్రైవేటు కార్ల ప్రామాణిక పాలసీలు వ్యవస్థీకృత రేసింగ్, వేగ పరీక్షల వంటి వినియోగాన్ని మినహాయిస్తాయి. ట్రాక్ మీద జరిగే నష్టాన్ని యజమానే భరించవలసి రావచ్చు. చేసిన మార్పులను బీమా సంస్థకు తెలియజేయకపోతే రోడ్డు ప్రమాద పరిహారానికీ చిక్కులు రావచ్చు. పోటీలలో పాల్గొనాలనుకునేవారికి దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను పర్యవేక్షించే ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా లైసెన్సు అవసరం.

ట్రాక్ వద్ద పాటించాల్సిన పద్ధతి

మొదటిసారి ట్రాక్‌కు కారును కొత్త బ్రేక్ ఆయిల్, మంచి ప్యాడ్లు, ఆరోగ్యంగా ఉన్న టైర్లతో, సస్పెన్షన్ మార్పులు లేకుండానే తీసుకెళ్లడం ఉత్తమం. కారు ఎక్కడ పట్టు తప్పుతోందో, డ్రైవరు ఎక్కడ తప్పు చేస్తున్నారో అప్పుడే తెలుస్తుంది. శిక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకున్న ఒక రోజు, ఖరీదైన విడిభాగం కన్నా ఎక్కువ సమయాన్ని తగ్గించగలదు.

ఆ తర్వాత ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఫలితం దేని వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. ప్రతి పరుగు తర్వాత టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచుల ఉష్ణోగ్రతలను కొలిచి, గాలి ఒత్తిడి, షాక్ అబ్జార్బర్ అమరికలతో కలిపి పుస్తకంలో రాసుకోవాలి. బయటి అంచు ఎక్కువ వేడెక్కితే నెగెటివ్ క్యాంబర్ చాలడం లేదని అర్థం. మధ్య భాగం మాత్రమే ఎక్కువ వేడెక్కితే గాలి ఒత్తిడి ఎక్కువైంది. ఈ కొలతలు ఏ విక్రేత ప్రచారం కన్నా నమ్మదగినవి.

రోజు ముగిసి తిరుగు ప్రయాణానికి ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. చక్రాల నట్లను, సస్పెన్షన్ బోల్టులను తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో సరిచూడాలి. టైర్లలో కోతలు, పక్క గోడల మీద ఉబ్బులు ఉన్నాయేమో చూడాలి. బ్రేక్ ప్యాడ్ల మందాన్ని, షాక్ అబ్జార్బర్ల నుంచి ఆయిల్ కారుతోందా అన్నదాన్ని పరిశీలించాలి. గాలి ఒత్తిడిని, సర్దుబాటు చేయగల భాగాలను రోడ్డు అమరికకు మార్చాలి. వీటిలో ఏ ఒక్కటి సందేహంగా ఉన్నా, కారును ట్రక్కు మీద ఇంటికి పంపడమే మంచి నిర్ణయం.